పాములవాడు, తాబేళ్ల గురువు: ఒక చిత్రపటాన్ని చదివే తీరు
(అమృతోత్సవ సభలలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఇటువంటి సభలలో ప్రధానోపాధ్యాయిని పాఠశాల చరిత్ర చెప్పడం ఆచారం. కాని ఆ చరిత్రను నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. షోలాపురానికి మన తాతముత్తాతలు మగ్గాలు మోసుకొని వచ్చిన కథ, మిల్లుల కథ, తెలుగు బడికోసం చందాలు పోగుచేసిన కథ ఈ సంపుటంలో వేరువేరు చోట్ల వస్తున్నవి. కనుక నేను నాకు అలవాటైన పనే చేస్తాను. ఒక పాఠం చెబుతాను. పాఠ్యాంశం పద్యం కాదు, గద్యం కాదు, ఒక తైలవర్ణ చిత్రం.

బొమ్మను చూసి వ్రాయమంటే మన పిల్లలు చక్కగా జాబితా వ్రాస్తారు. చెట్టు ఉన్నది, చెరువు ఉన్నది, చెరువు గట్టున కొంగ ఉన్నది. అందులో తప్పేమీ లేదు, చదవడం అక్కడనుంచే మొదలవుతుంది. అయితే ఆ బొమ్మ మనసులో కలిగించే భావం ఏమిటి, ఆ భావం ఎక్కడనుంచి పుట్టింది, చిత్రకారుడు దాన్ని ఎవరికోసం పుట్టించాడు అన్న ప్రశ్నలు అడిగేసరికి జాబితా చాలదు. ఈ మూడు ప్రశ్నలూ అడగడానికి నేను ఎన్నుకొన్నది ఫ్రెంచి చిత్రకారుడు జాఁ లెయోఁ జెరోమ్ 1879 ప్రాంతంలో వేసిన ‘పాములవాడు’ అనే చిత్రం. అది ఇప్పుడు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని విలియమ్స్‌టౌన్‌లో క్లార్క్ కళాసంస్థలో ఉన్నది. కొలత సుమారు 82 సెంటీమీటర్లకు 121 సెంటీమీటర్లు. మన మగ్గంమీద నేసే చద్దరుకంటె బాగా చిన్నది.

ముందుగా జాబితా వ్రాద్దాము. చిత్రానికి ఎడమగా ఒక తివాచీ పరచి ఉన్నది. దానిమీద ఒక బాలుడు మనకు వీపు చూపి నిలుచున్నాడు. ఒంటిమీద వస్త్రం లేదు. పెద్ద పామొకటి అతని దేహాన్ని చుట్టుకొని ఉండగా దాని తలను చేతితో పైకెత్తి పట్టుకొన్నాడు. కుడివైపున నేలమీద కూర్చొని ఒక వృద్ధుడు పిల్లనగ్రోవి వంటి వాద్యం వాయిస్తున్నాడు. ఎదురుగా గోడకు ఆనుకొని వరుసగా కూర్చున్నవారు ప్రేక్షకులు. వారిలో పడుచువారున్నారు, ముసలివారున్నారు, చాలమంది ఆయుధధారులు. వారి వెనుక గోడ నిండా నీలిరంగు పింగాణీ పలకలు. ఆ పలకల పైభాగాన పెద్ద అక్షరాలతో అరబ్బీ లిపి. గోడ అక్కడక్కడ దెబ్బతిన్నది. నేల రాతి పలకలది.

ఈ చిత్రాన్ని నేను చిన్న తరగతులలో చూపను. ఒక బాలుని దేహాన్ని చూడముచ్చటగా పరచిపెట్టిన తీరు నాకు రుచించదు. ఈ చిత్రాన్ని గురించిన చర్చలో అది ప్రధానమైన అంశం కూడ. పెద్దల సభ కనుక ఇక్కడ చెబుతున్నాను.

మరి దీని రసం ఏది? మన ఆలంకారికుల పద్ధతిలో అడిగితే, మొదటి చూపులో అద్భుతం అనిపిస్తుంది. పాము భయానకానికి ఆలంబనం, నీలిగోడ చల్లదనం ఉద్దీపనం. అయితే కొంచెంసేపు చూసేసరికి ఈ లెక్క కుదరదు. భయానకంలో కంపం, వైవర్ణ్యం వంటి అనుభావాలు ఉండాలి కదా. ఈ ప్రేక్షకుల ముఖాలలో భయం లేదు. కొందరి కళ్లలో ఒక మత్తు, కొందరి కూర్చున్న తీరులో ఒక సోమరితనం. వారు చూస్తున్నది పామునా, బాలునా అన్న సందేహం మనకు కలుగుతుంది. పామాట చూసేవారిలో ఉండవలసిన కోలాహలం ఏమాత్రం లేదు. నిశ్శబ్దం, ఎండ తగలని ఒక చల్లని నీడ, అందులో చెప్పీచెప్పని ఒక కామవాంఛ. అనుచితమైన ఆలంబనంమీద రసాన్ని నిలిపితే మనవారు దానిని రసాభాసం అన్నారు. ఈ చిత్రానికి ఆ మాటే తగినదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిన్న విషయం. పాముకు సంస్కృతంలో చక్షుశ్రవం అని పేరు, కంటితో వినేది అని అర్థం. పాములవాని నాగసరం కదిలే తీరును చూసి పాము పడగ ఆడిస్తుందన్న పరిశీలన ఆ పేరులో దాగి ఉన్నది. జెరోమ్ చిత్రంలో ఉన్నది పడగ విప్పే నాగుపాము కాదు, కొండచిలువ. దానికి పడగే లేదు. వాద్యం వాయించేవాడు పాముకు ఎదురుగా కూడ లేడు, పక్కన నేలమీద ఉన్నాడు. మన వీధులలో ఒకప్పుడు పామాట చూసిన ఏ అవ్వను అడిగినా ఇది ఆట కాదు, భంగిమ అని చెప్పగలదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత ఆ ఆట చట్టవిరుద్ధమై క్రమంగా కనుమరుగైనది. ఆ వృత్తి కుటుంబాలు పడిన పాట్లు మరొక కథ.

ఇప్పుడు ఈ దృశ్యం ఎక్కడ జరుగుతున్నదని అడుగుదాము. గోడమీది పలకలు ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి రాజప్రాసాదపు ఇజ్నిక్ పలకలను పోలినవి. సుల్తాను కొలువున్న అంతఃపురపు గోడ అది! ఆ గోడ ముందు ఆయుధధారులైన బాటసారులు చేరగిలబడి కూర్చొని, దిసమొలతో ఉన్న బాలుని ఆట చూడడం ఊహకు కూడ అందదు. పామాట ఆనాడు ఈజిప్టులో కనిపించే వినోదం. తుర్కీ రాజప్రాసాదంలోనిది కాదు. అంటే ఈజిప్టు ఆటను తెచ్చి తుర్కీ గోడ ముందు నిలిపారు. జెరోమ్ ఆ దేశాలు చూడనివాడు కాడు. 1856లోనే ఈజిప్టు యాత్ర చేశాడు, తరువాత పలుమార్లు వెళ్లాడు. చిత్రాలు గీసుకొన్నాడు, ఛాయాచిత్రాలు సేకరించాడు, వస్త్రాలూ ఆయుధాలూ కొని పారిస్‌లోని తన చిత్రశాలలో పెట్టుకొన్నాడు. ఒక్కొక్క వస్తువు నిజం, వాటిని కూర్చిన కూర్పు కల్పితం. పెంకులో పగులు దగ్గరనుంచి తివాచీ అంచుదాకా ప్రతిదీ కచ్చితంగా ఉండడంవల్ల మొత్తం దృశ్యమంతా కళ్లతో చూసి వేసినదే అనిపిస్తుంది. చిత్రకారుని నేర్పంతా ఆ నమ్మికను పుట్టించడంలో ఉన్నది.

మన సభలో నేతపని ఎరిగినవారు ఎక్కువ. వారికి ఒక మాట చెబితే తేలికగా పట్టుకొంటారు. గుడ్డ కొనేవాడు ముందువైపు చూసి మురిసిపోతాడు. నేసేవాడు తిప్పి వెనుకవైపు చూస్తాడు. పడుగు ఎక్కడ తెగింది, పేక ఎక్కడ వదులయింది, నాడె ఎక్కడ తప్పింది, అన్నీ వెనుక కనిపిస్తాయి. జెరోమ్ తన చిత్రానికి వెనుకవైపు అనేది లేకుండా చేశాడు. కుంచె నడిచిన జాడ ఎక్కడా ఉండదు. అద్దంవలె నున్నగా ఉంటుంది. అదే కాలంలో పారిస్‌లో మోనే మొదలైన ఇంప్రెషనిస్టులు కుంచె జాడలను దాచకుండా చూపుతూ వేస్తుంటే జెరోమ్‌కు గిట్టేది కాదు. 1894లో వారి చిత్రాలను ప్రభుత్వం స్వీకరించడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు కూడ.

1983లో లిండా నాక్లిన్ అనే అమెరికా కళాచరిత్రకారిణి ఈ చిత్రంపై ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాసింది. చిత్రంలో ఏమున్నదో చెప్పడంతో ఆగక, ఏమి లేదో కూడ చెప్పడం ఆమె పద్ధతి. చరిత్ర లేదు. ఐరోపావాడు లేడు. శ్రమ లేదు. చిత్రకారుని కుంచె జాడ లేదు. ఇవి ఆమె ఎత్తిచూపిన లోపాలు. ఈ మాటలు విన్న తరువాత చిత్రం మరొక విధంగా కనిపిస్తుంది. 1879 నాటికి ఆ ప్రాంతాల స్థితి ఏమిటో ఒకసారి గుర్తుచేసుకొందాము. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. 1875లో ఇస్తాంబుల్‌లో భూగర్భ రైలుమార్గం నడిచింది. అదే సంవత్సరం ఆటోమన్ ప్రభుత్వం అప్పులు తీర్చలేని స్థితికి వచ్చింది. 1876లో తొలి రాజ్యాంగం వచ్చింది, 1877-78లో రష్యాతో యుద్ధం జరిగింది, 1882లో ఈజిప్టును బ్రిటిషు సైన్యం ఆక్రమించింది. ఇంత సంచలనం నడుస్తున్న లోకాన్ని తీసుకొని జెరోమ్ కాలమే కదలని ఒక మధ్యాహ్నంగా మార్చాడు.

విరిగిన పలకల విషయం కూడ ఆమె చెప్పినదే. ఇంత అందమైన గోడను వీరి పూర్వులు కట్టారు, వీరు నిలబెట్టుకోలేక ఊరికే కూర్చున్నారు అన్న ధ్వని అందులో ఉన్నది. ధ్వని అనే మాటను నేను మన ఆనందవర్ధనుని అర్థంలోనే వాడుతున్నాను. వాచ్యార్థం పగిలిన పెంకు. వ్యంగ్యార్థం చేతగాని జాతి. చేతగానివారి ఇంటిని చక్కదిద్దడానికి మరొకరు రావాలి కదా అన్న తలంపు చూసేవాని మనసులో తనంతట తాను కలుగుతుంది. చిత్రకారుడు ఒక్క మాట కూడ అనలేదు.

1978లో ఎడ్వర్డ్ సయీద్ ప్రచురించిన ‘ఓరియెంటలిజం’ అనే గ్రంథానికి ముఖచిత్రంగా వేసినది ఈ బొమ్మనే. తూర్పు దేశాలను గురించి పడమటివారు కట్టుకొన్న ఊహాప్రపంచాన్ని విమర్శించిన గ్రంథమది. అందువల్ల ఈ చిత్రం పేరు కళాభిమానులను దాటి లోకమంతా పాకింది. జెరోమ్ పక్షాన వాదించేవారూ లేకపోలేదు. ఆయన పనితనాన్ని, ఆ దేశాల కట్టడాలపట్ల ఆయనకున్న ఆదరాన్ని వారు చూపుతారు. పనితనం ముందు నేను కూడ చేతులు జోడిస్తాను. ఆ నీలాలను అన్ని ఛాయలలో పట్టడం మాటలు కాదు. అయితే పనితనం వేరు, దృష్టి వేరు.

దీనికి ఒక బజారు ఉన్నదన్న సంగతి కూడ మరువరాదు. జెరోమ్ పెండ్లాడినది గూపిల్ అనే పెద్ద చిత్రవ్యాపారి కుమార్తెను. గూపిల్ సంస్థ ఆయన చిత్రాలకు ముద్రిత ప్రతులు తీసి దేశదేశాలలో అమ్మింది. ‘పాములవాడు’ 1888లో అమెరికాలో 19,500 డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నది ఆల్‌ఫ్రెడ్ కార్నింగ్ క్లార్క్ అనే ధనికుడు. ఆ తరువాత చేతులు మారి, రుచులు మారి, 1942లో ఆయన కుమారుడే దానిని తిరిగి కొన్నప్పుడు ఇచ్చిన వెల 500 డాలర్లు మాత్రమే! బొమ్మ అదే, పాము అదే, గోడ అదే. చూసే కళ్లు మారినవి.

ఇక ఆ గోడమీది అక్షరాల సంగతి. నన్ను ఈ చిత్రం దగ్గర ఎక్కువసేపు నిలిపినవి అవే. చాలమంది దృష్టిలో అవి తీగెలవలె మెలికలు తిరిగిన అలంకారం. నిజానికి అవి చదవదగిన అక్షరాలు. పండితులు చదివి, అందులో ప్రధాన భాగం ఖురాను రెండవ సూరాలోని 256వ ఆయతు అని తేల్చారు. మత విషయంలో నిర్బంధం కూడదన్న భావం గలది ఆ ఆయతు. పారిస్‌లోనో న్యూయార్కులోనో చిత్రాన్ని కొన్న ధనికునికి ఆ వాక్యం లేదు, ముచ్చటైన గీతలు ఉన్నవి. ఆ గోడ ముందు కూర్చున్నవారిని పోలిన మనిషి వచ్చి చూస్తే గీతలు లేవు, వాక్యం ఉన్నది.

మన ఊరిలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ పక్కపక్కనే దుకాణాల బోర్డులమీద కనిపిస్తాయి. కనుక ఈ సంగతి మనకు వివరించి చెప్పనక్కరలేదు. చదవలేని లిపి చిత్రమవుతుంది. నాకు బాధ కలిగించేది ఏమంటే, మన ఇండ్లలోనే ఇప్పుడు తెలుగు అలా చిత్రమైపోతున్నది. శుభలేఖమీద వినాయకుని కింద రెండు పంక్తులు తెలుగు ఉంటుంది. మార్కండేయుని ఊరేగింపు తోరణంమీద తెలుగు ఉంటుంది. ఇంటి గడపమీద తాతగారి పేరు తెలుగులో చెక్కి ఉంటుంది. మనుమడు దానిని చూసి ఎంత అందంగా ఉన్నదో అంటాడు. చదవమంటే నవ్వి ఊరుకొంటాడు. ఇంట్లో తెలుగు మాటలాడుతాడు, నానమ్మతో తెలుగులోనే పేచీ పెడతాడు, కాని అక్షరం మాత్రం వాడికి జెరోమ్ గోడమీది తీగె. ఇంగ్లీషు చదువు వద్దని నేను అనను, మరాఠీ రాకపోతే ఈ నేలమీద బతుకే లేదు. వారానికి కొన్ని గంటలు తెలుగుకు కేటాయించండని ఈ బడి తల్లిదండ్రులను అడుగుతూనే ఉన్నది. పిల్లవాడికి మార్కులు తెచ్చిపెట్టని గంటలు ఎందుకమ్మా అని వారు అడిగినప్పుడు వారిపై నాకు కోపం రాదు. మగ్గాల కూలి మీద బతికిన కుటుంబాలకు గంటల లెక్క బాగా తెలుసు.

మళ్లీ చిత్రానికి వద్దాము. ప్రాచ్యలోకాన్ని ఇట్లా చిత్రించినవాడు జెరోమ్ ఒక్కడే కాదు. 1834లో డెలాక్రువా వేసిన అల్జీరియా స్త్రీల చిత్రం అంతకుముందే ప్రసిద్ధం. ఎడ్విన్ లార్డ్ వీక్స్ అనే అమెరికావాడు మన దేశానికి వచ్చి ఇక్కడి వీధులను, రేవులను వేశాడు. కాని నాకు మరీ ఆసక్తి కలిగించినవాడు వీరెవరూ కాదు. పారిస్ వెళ్లి ఈ శైలిని నేర్చుకొని వచ్చిన ఒక తుర్కీ దేశస్థుడు. పేరు ఉస్మాన్ హమ్దీ బే. 1842లో పుట్టి 1910లో మరణించాడు. 1881లో ఇస్తాంబుల్ రాజకీయ పురావస్తు ప్రదర్శనశాలకు అధిపతి అయ్యాడు. దేశంలోని ప్రాచీన శిల్పాలను విదేశీయులు ఓడలకెత్తుకొని పోకుండా 1884లో చట్టం రావడానికి కారకుడాయన. సైదా దగ్గర 1887లో అలెగ్జాండరు పేరిట ప్రసిద్ధమైన శవపేటికను తవ్వితీయించినవాడూ ఆయనే.

ఆయన 1906లో వేసిన ‘తాబేళ్ల శిక్షకుడు’ అనే చిత్రం ఇస్తాంబుల్‌లోని పేరా ప్రదర్శనశాలలో ఉన్నది. ఇందులో గోడ కూడ నీలి పలకలదే, అదీ దెబ్బతిన్నదే. నేపథ్యం బుర్సా నగరంలోని హరిత మసీదులోని ఒక గది అంటారు. ఎర్రని పొడుగాటి అంగీ తొడిగిన ఒక వృద్ధుడు కాస్త వంగి నిలుచున్నాడు. వీపుమీద చిన్న నగారా వేలాడుతున్నది. చేతులు వెనుకకు పెట్టుకొని నే అనే వేణువును పట్టుకొన్నాడు. కాళ్ల దగ్గర కొన్ని తాబేళ్లు ఆకులు తింటున్నవి. కిటికీనుంచి వెలుగు వస్తున్నది. ఆ వృద్ధునికి చిత్రకారుడు ఇచ్చిన ముఖం తన సొంత ముఖమే.

జెరోమ్ చిత్రంలో వేణువున్నది, జంతువున్నది, నీలిగోడ ఉన్నది, పగులు ఉన్నది. ఇక్కడ కూడ అవన్నీ ఉన్నవి. కాని భావం పూర్తిగా వేరు. అక్కడ మనం దూరంగా నిలబడి వారిని చూస్తాము. ఇక్కడ ఆ వృద్ధుని అలసట మనకు తెలుస్తుంది. అక్కడ పగిలిన పెంకు ఇతరుల చేతగానితనానికి గుర్తు. ఇక్కడ అదే పగులు, కట్టడాలను కాపాడే పని నెత్తిన వేసుకొన్నవాడు తన ఇంటిగోడను చూసి పడే దిగులు. సంకేతానికి అర్థం వస్తువులో ఉండదని ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే తెలిసినంత తేటగా మరెట్లా తెలియదు.

తాబేళ్లు దేనికి సంకేతం? కదలని అధికారులకు, సంస్కరణలను చెవిని పెట్టని సమాజానికి అని చాలమంది చెప్పుతూ వచ్చారు. నగారా మోగించినా వేణువూదినా వాటి దట్టమైన చిప్పకు వినిపించదన్నది వారి వ్యాఖ్య. ఆకర్షణీయమైన వ్యాఖ్యే. ఉపాధ్యాయులమైన మనకు మరీ నచ్చుతుంది. మన గదులలో కూడ కొన్ని తాబేళ్లున్నవని అందరం అనుకొంటాము. అయితే ఎధెం ఎల్దెం అనే తుర్కీ చరిత్రకారుడు పాత పత్రికలు వెదికి, 1869లో ‘లె తూర్ ద్యు మోంద్’ అనే ఫ్రెంచి యాత్రా పత్రికలో జపానును గురించిన వ్యాసంలో తాబేళ్లను ఆడించేవాని బొమ్మ అచ్చయిందని చూపాడు. హమ్దీ బేకు అదే ప్రేరణ అయి ఉండాలని ఆయన వాదం. అంటే తుర్కీ చిత్రకారుడు తన దేశాన్ని చిత్రించడానికి, ఫ్రెంచివారు అచ్చువేసిన జపాను బొమ్మను ఆశ్రయించాడు! ప్రాచ్యమంటే ఏదో ఒక్కచోటు అని తలచేవారికి ఇంతకంటె సమాధానం ఏముంటుంది? అందుచేత సంకేతాలు చెప్పేటప్పుడు తొందరపడవద్దని మా ఉపాధ్యాయులతో అంటుంటాను. ముందు బొమ్మ ఎక్కడనుంచి వచ్చిందో కనుక్కోవాలి. అర్థం తరువాత.

ఆ వాదం తేలినంత మాత్రాన ఆ వృద్ధుని అలసట మాయం కాదు. మూలం ఏదైనా, తన ముఖాన్నే అక్కడ పెట్టుకోవడం చిత్రకారుడు చేసిన నిర్ణయం. ఆయన వేణువు వాయించడం లేదు, నగారా మోగించడం లేదు, తాబేళ్లు తినడం ముగించేదాకా నిలబడి ఉన్నాడు. ముప్పై ఏండ్లుగా తరగతి గదులలో నిలబడిన నాకు ఆ నిలబడిన తీరు బాగా తెలుసు.

ఈ రెండవ చిత్రపు ముద్రిత ప్రతిని మన గ్రంథాలయ గదిలో నిఘంటువుల బీరువా పక్కన పెట్టించాము. దానిలో కిటికీ పైన కూడ అరబ్బీ లిపిలో ఒక వాక్యం ఉన్నది. ప్రియుని దర్శనమే హృదయాలకు స్వస్థత అన్న భావం గలదని పెద్దలు చెబుతారు. పూర్వ విద్యార్థులలో ఉర్దూ చదువు వచ్చినవారు ఈ ఊరిలో తక్కువేమీ కాదు. వారిలో ఎవరైనా ఒక శనివారంనాడు వచ్చి, ఆ అక్షరాలను వేలితో చూపుతూ మా పిల్లలకు చదివి వినిపించగోరుతాను.